మూడు వందల వీపుల మీద చెంచయ్య

గంగనర్సు బొమ్మలు మానేద్దామని సౌదీ వెళ్ళాడు. మానేయడానికి అంత దూరం పోవాలా అని మీరు అడగొచ్చు. పోవాలి మరి. సిరిసిల్ల చుట్టుపక్కల ఏ గోడ చూసినా అతని చేతి పనే కనబడేది.

వాళ్ళ ఊళ్ళో ఇంటింటా ఆడవాళ్ళు బీడీలు చుడతారు. ఎనభై అయిదులో వాళ్ళంతా సంఘం పెట్టుకుని పని బందు చేసినప్పుడు గంగనర్సు ఒక బొమ్మ కట్టాడు. ఒళ్ళో చాట పెట్టుకున్న ఆడమనిషి, ఆకు కత్తిరించే కత్తెరను పైకెత్తి పట్టుకుని ఉంటుంది. కింద అక్షరం ముక్క లేదు, చుట్టేవాళ్ళలో చదువుకున్నవాళ్ళు తక్కువ గనుక. ఆసుపత్రిలో పారేసిన ఎక్స్‌రే ఫిల్ము ఒకటి సంపాదించి, దాని మీద బొమ్మ గీసి, బ్లేడుతో కోసి అచ్చు తయారుచేశాడు. అచ్చును గోడకు ఆనించి ఎర్రటి జాజులో ముంచిన గుడ్డతో అద్దుకుంటూ పోతే పూటకు ముప్ఫై గోడలు. ఆ కత్తెరామె పక్క ఊళ్ళకు పాకింది, అక్కణ్ణుంచి కరీంనగర్ బస్టాండు దాకా పోయింది. ఆ రోజుల్లో గంగనర్సుకు కాలు నేల మీద ఆనేది కాదు.

తర్వాత పోలీసులు పట్టుకెళ్ళారు. కొట్టలేదు. కొట్టినా బాగుండేదేమో. జీపులో సున్నం బకెట్టు పెట్టి, రాసిన చెయ్యే తుడవాలని ఊరూరా తిప్పారు. పదకొండు రోజులు, పంతొమ్మిది ఊళ్ళు. చివరి ఊళ్ళో ఆడవాళ్ళు అరుగుల మీద చాటలు పట్టుకుని కూర్చుని, అతను సున్నం కొడుతుంటే చూస్తూ ఉన్నారు. ఒక్కరూ తిట్టలేదు. ఒక ముసలామె చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆ నీళ్ళు తాగుతున్నప్పుడు తనకు ఏమీ అనిపించడం లేదని గంగనర్సు గమనించాడు. సిగ్గు లేదు, కోపం లేదు. పన్ను పీకే ముందు సూది వేస్తే దవడ ఎట్లా మొద్దుబారుతుందో, మనిషి మొత్తం అట్లా అయిపోయాడు.

ఇంటికొచ్చి భార్య అంజవ్వతో, సౌదీ పోతానన్నాడు. ఆమె సరేనంది. ఇంట్లో ఉలుకూ పలుకూ లేని మనిషిని పెట్టుకుని ఆమె మాత్రం ఏం చేస్తుంది.

ఎనభై తొమ్మిదిలో ఖఫ్జీలో దిగాడు. కువైట్ సరిహద్దు అక్కడికి కూతవేటు. చమురు బావుల దగ్గర పనులు చేయించే కంపెనీలో పెయింటర్ ఉద్యోగం. పైపులకు రంగులు, గేట్లకు నంబర్లు, బోర్డుల మీద హెచ్చరికలు. అరబ్బీ రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. కాగితం మీద ఎట్లా ఉంటే అట్లా అక్షరాన్ని బొమ్మలాగా దింపేసేవాడు. తప్పు పోయిందని ఎవరూ అనలేదు. ఏమి రాస్తున్నాడో తెలియకపోవడం అతనికి హాయిగా ఉండేది.

యుద్ధం వచ్చింది. బాంబులు పడితే ఎటు పరిగెత్తాలో చూపే బాణం గుర్తులు రాయమన్నారు, రాశాడు. తొంభై ఒకటి జనవరిలో ఫిరంగి గుండ్లు నిజంగానే వచ్చి పడ్డాయి. చమురు ట్యాంకు అంటుకుని ఊరి మీద నల్లటి పొగ లేచింది. జనమంతా బస్సుల మీద పడుతుంటే గంగనర్సు గోడ ముందు గొంతుకూర్చుని బాణం మొన దిద్దుతున్నాడు. సూపర్‌వైజరు మెడ పట్టి లాక్కొచ్చి బస్సులో పడేశాడు. దమ్మామ్ చేరాక తోటివాళ్ళు, గుండె ధైర్యం అంటే నీదేనయ్యా అని వీపు తట్టారు. ధైర్యమా పాడా. ధైర్యం కావాలంటే ముందు భయం వేయాలి కదా. అతనికి అదీ వేయలేదు.

యుద్ధం అయిపోయాక కంపెనీ మారి జుబైల్ వచ్చాడు. ఆ ఏడాది కువైట్ బావుల పొగ గాలికి దక్షిణానికి కొట్టుకొచ్చి, పొద్దున తెల్లరంగు వేస్తే ఎండేలోపు బూడిదరంగు అయ్యేది. అంజవ్వ నెలకో క్యాసెట్టులో మాట్లాడి పంపేది. రేడియోలో బజారు ధరలు విన్నట్టు విని, జవాబుగా నేను మంచిగున్న అని ఒక ముక్క రికార్డు చేసి పంపేవాడు.

ఇట్లా నడుస్తుండగా తొంభై నాలుగు ఎండాకాలంలో చెంచయ్య చచ్చిపోయాడు.

చెంచయ్యది నెల్లూరు జిల్లా, ఉదయగిరి పక్కన ఒక ఊరు. ఫిట్టరు. ఆ నెల షట్‌డౌన్ నడుస్తోంది. ప్లాంటును ఆపేసి, లోపలి మరమ్మతులన్నీ గడువులోగా ముగించే పని, అందరూ ఉరుకులు పరుగులు. రాత్రి షిఫ్టులో ఉన్న చెంచయ్యను ఒక ట్యాంకులోకి దింపారు. లోపల గాలి సరిపోక పడిపోయాడు, బయటికి తీసేసరికి ప్రాణం లేదు. గుండె ఆగి పోయాడని కంపెనీ కాగితం రాసుకుంది.

గంగనర్సుకు చెంచయ్య తెలియదు. తొమ్మిది వందల మంది ఉండే క్యాంపు అది. ఇతను పగటి షిఫ్టు, అతను రాత్రి షిఫ్టు. మెస్సులో ఎప్పుడైనా ఎదురుపడ్డాడేమో, పడినా గుర్తులేదు.

శవం ఆసుపత్రి చల్లపెట్టెలో ఉండిపోయింది. వీసా ఇచ్చిన కఫీల్ సంతకం అని వారం, పోలీసు కాగితం అని వారం. చివరికి కంపెనీవాళ్ళు, ఇదంతా ఎందుకు, ఇక్కడే పూడ్చేస్తాం, ఒప్పుకుంటున్నట్టు వేలిముద్ర వేసి పంపమని అతని భార్యకు కాగితం పంపారు. నలభయ్యో రోజున ఆమె దగ్గర్నుంచి జవాబొచ్చింది, కంపెనీకి కాదు, చెంచయ్య గదిలోని వాళ్ళకు. ఆమె పేరు బాలామణి. ఊళ్ళో ఎవరిచేతనో రాయించింది. ఉదయగిరివాడొకడు దాన్ని మెస్సులో నిలబడి పైకి చదివాడు.

మనిషిని చూసేదాకా వేలిముద్ర వేయనని రాయించింది. చూసేదాకా బొట్టు తీయను, దినాలు చేయను. పోయినాడని ఎవరో చెప్తే నమ్మి గాజులు పగలగొట్టుకోమంటున్నారు, రేపు ఆయనే తిరిగొస్తే ఏ మొగం పెట్టుకుని చూడాలి నేను. ఊళ్ళోవాళ్ళు పెళ్ళికీ పిలవడం లేదు, చావుకీ పిలవడం లేదు. మీకు దణ్ణం పెడతాను, మనిషిని పంపించండి.

మెస్సులో అన్నం ముద్దలు చేతుల్లోనే ఉండిపోయాయి. గంగనర్సు తన పళ్ళెం తాను ఖాళీ చేసి, చేయి కడుక్కుని గదికి వెళ్ళిపోయాడు.

మర్నాడు నలుగురైదుగురు అతని మంచం చుట్టూ చేరారు. పని ఆపితే తప్ప కంపెనీ కదలదు, కానీ పని ఆపమని ఇంతమందికి ఏ భాషలో చెప్పాలి? తెలుగు, మలయాళం, బెంగాలీ, పంజాబీ, ఫిలిప్పీనో, ఎవడి భాష వాడిది. నోరెత్తి నినాదం ఇస్తే జైలు. నువ్వు బొమ్మలు వేసినవాడివట కదా, ఒక్కటి వేసిపెట్టు అన్నారు.

"నాతోని కాదు," అన్నాడు గంగనర్సు. "నేను బొమ్మలు మానేసిన."

వాళ్ళు పోయారు. సాయంత్రం జమాలుద్దీన్ వచ్చాడు. హైదరాబాదు పాతబస్తీ మనిషి, క్యాంపు క్లినిక్కులో కాంపౌండరు. బతిమాలలేదు, ఏమీ లేదు. పనికిరాని ఎక్స్‌రే ఫిల్ములు నాలుగు, చెంచయ్య గుర్తింపు కార్డు, అదే ఇఖామా, దాని జెరాక్సు ఒకటి మంచం మీద పెట్టాడు.

"మనసైతే వెయ్, లేకపోతే పారెయ్ నర్సన్నా. నీ మర్జీ."

పారేద్దామనే గంగనర్సు వాటిని చేతిలోకి తీసుకున్నాడు. అంత మనిషీ అక్కడే దొరికిపోయాడు. ఫిల్ము చేతిలోకి వచ్చాక దాని అంచు చూశాడు, అంచు చూశాక బ్లేడు వెతికాడు. జాలి వేసి కాదు. బాలామణి ఉత్తరం గుర్తొచ్చి కాదు. ఆ మాట అతనే ఒప్పుకునేవాడు.

ముందు అడ్డంగా చాచిన అరచేయి కోశాడు, ఆగండి అని. మెస్సు తలుపు మీద అద్దితే తెలుగువాళ్ళు పడీపడీ నవ్వారు. ఏందన్నా, ఈడ గూడ కాంగ్రెస్సుకు ప్రచారం మొదలువెట్టినవా అన్నాడొకడు. సైకిలు గుర్తు అభిమానులు ఇద్దరు నిజంగానే అలిగారు. బెంగాలీలేమో, చేతి తొడుగులు వేసుకోమని కంపెనీ కొత్త బోర్డు పెట్టిందనుకున్నారు. సరే అని పిడికిలి కోశాడు. మలయాళీలకు తెగ నచ్చింది, కాకపోతే పక్కనే సుత్తీ కొడవలీ కూడా పెట్టమన్నారు. అది చూసి పంజాబీలు మేం రామన్నారు. నలభై రోజులుగా పెట్టెలో మనిషి ఉంటే ఇక్కడ ఎన్నికల గుర్తుల పంచాయితీ!

అప్పుడు జెరాక్సు కాగితం తీశాడు గంగనర్సు. ఇఖామా మీద గోరంత ఫోటో, జెరాక్సులో మసిముద్ద. కిటికీ వెలుగుకు పెట్టి చాలాసేపు చూశాడు. వెడల్పు నుదురు. ఎడమ కనుబొమ కాస్త పైకి ఎక్కి ఉంది, ఎవరో ఏదో అడిగితే అర్థంకానట్టు. దళసరి కింది పెదవి. కుడి చెవి బయటికి పొడుచుకొచ్చింది. ఏది నలుపు, ఏది తెలుపు, ముక్క ఊడిపోకుండా ఎక్కడ వంతెన వదలాలి, ఎక్కడ కోయాలి, ఇదే లెక్క అతని తలలో. రెండు ఫిల్ములు పాడయ్యాయి. మూడోదాంట్లో చెంచయ్య వచ్చాడు.

మెస్సు తలుపు మీద పిడికిలిని తుడిచి ఆ మొహం అద్దాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఏ భాషవాడూ ఇదేమిటని అడగలేదు. ఒక పంజాబీ ముసలాయన, మేస్త్రీ, కాసేపు దాని ఎదుట నిలబడి, గదికి వెళ్ళి పనిలో తొడుక్కునే తన నీలం డాంగ్రీ తెచ్చి, వీపు వైపు చూపించాడు. ఇక్కడ వెయ్యి అని.

శుక్రవారం సెలవు. పొద్దున్నుంచి గంగనర్సు గది ముందు వరస కట్టారు, చేతిలో తలా ఒక డాంగ్రీతో. అచ్చు పెట్టడం, తెల్లరంగు అద్దడం, తీయడం. ఆరేయడానికి మంచాల కడ్డీలు చాలక మెట్ల మీద, కంచె మీద పరిచారు. సాయంత్రం అసరు నమాజు వేళకు మూడు వందలు దాటాయి. ఎటు చూసినా చెంచయ్యే. ఒకదాంట్లో రంగు కారి దవడ ముద్ద అయిందని గంగనర్సు విసుక్కున్నాడు. ఆ రోజంతా అతని మనసులో కలిగిన బాధ అదొక్కటే.

శనివారం పొద్దున ఎనిమిది బస్సులు వచ్చి నిలబడ్డాయి. మూడు వందల మంది బస్సులకు వీపు తిప్పి నిలబడ్డారు. మిగతావాళ్ళు కూడా ఎక్కలేదు. కేక లేదు, మాట లేదు. మేనేజరు కారు దిగి ఇంగ్లీషులో అరిచాడు, ఏం కావాలో చెప్పమన్నాడు. పంజాబీ ముసలాయన తల తిప్పకుండా బొటనవేలితో తన వీపును చూపించాడు. అంతే.

గంగనర్సు కూడా ఆ వరసలోనే ఉన్నాడు. తన డాంగ్రీ మీద అతను బొమ్మ వేసుకోలేదు.

రెండు రోజులు బస్సులు ఖాళీగా తిరిగిపోయాయి. షట్‌డౌన్ గడువు ముంచుకొస్తోంది. మూడోరోజు మధ్యాహ్నం నోటీసు బోర్డు మీద కాగితం పడింది. శవాన్ని పంపిస్తున్నాం, ఫలానా రోజు, ఫలానా విమానం. చాలామంది ఏడ్చారు. జమాలుద్దీన్ గంగనర్సును గట్టిగా కావలించుకున్నాడు. గంగనర్సు చేతులు రెండూ పక్కన వేలాడుతూ ఉన్నాయి.

మర్నాడు కంపెనీ అందరికీ కొత్త డాంగ్రీలు ఇచ్చి, పాతవన్నీ పోగేసి కాల్చేసింది. ఆ సాయంత్రమే అమర్నాథ్ గంగనర్సును ఆఫీసుకు పిలిపించాడు. గుంటూరు ఇంజనీరు, సైట్ సేఫ్టీ చూస్తాడు. మంచివాడే, తన ఉద్యోగం తనకు ముఖ్యమైన మంచివాడు.

"చూడు గంగనర్సూ, ఎవరు చేశారని నన్నడిగారు, నేను చెప్పలేదు. బట్ సైట్‌లో స్టెన్సిల్ కట్ చేసేది నువ్వొక్కడివేనని వాళ్ళకీ తెలుసు. నీకు ఎగ్జిట్ కొట్టేశారు, ఇక ఇండియా వెళ్ళిపోవాలి. అయామ్ సారీ."

గంగనర్సు తల ఊపాడు.

"ఇంకోటి," అన్నాడు అమర్నాథ్, బల్ల మీద కాగితాలు సర్దుతూ. "బాడీ వెంట ఒక మనిషి వెళ్ళాలట. నిన్నే పంపిస్తున్నారు. ఆ బాక్స్ మీద డీటెయిల్స్ కూడా పెయింట్ చెయ్యాలి. చెయ్యగలవా, పోనీ వేరేవాళ్ళని చూడనా?"

"రాస్త సార్. పెట్టె నీడకు పెట్టిపియ్యుండ్రి. ఎండకు రంగు పగులుతది."

చెక్కపెట్టె మూత మీద నల్లరంగుతో రాశాడు. పేరు, పాస్‌పోర్టు నంబరు, దహ్రాన్ నుంచి బొంబాయి మీదుగా మద్రాసు. అక్షరాలు సమంగా కుదిరాయి.

మద్రాసులో కార్గో గేటు దగ్గర బాలామణి ఉంది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. పక్కన చెంచయ్య తమ్ముడు, ఇద్దరు పెద్దమనుషులు. ఆమె నుదుట రూపాయంత బొట్టు, చేతుల నిండా గాజులు. పెట్టెను వ్యానులోకి ఎక్కిస్తుంటే ఆమె దగ్గరికి రాలేదు, దూరంగా నిలబడే చూసింది. పెద్దమనుషులు ముందు సీట్లో సర్దుకున్నారు. వెనక పెట్టెకు అటుపక్క ఆమె, మరిది, ఇటుపక్క గంగనర్సు.

నాయుడుపేట దాటాక ఆమె మొదటిసారి నోరు విప్పింది.

"అన్నా, మా ఆయన కోసరం మూడొందల మంది పని మానుకున్నారంట గదా. ఉత్తరం రాసినారు. అంతమందికి ఆయన ఏం మేలు చేసుండాడన్నా?"

గంగనర్సు ఆలోచించాడు. అబద్ధం చెప్పాలని తట్టలేదు.

"ఏం జెయ్యలేదు చెల్లె. సచ్చిపొయిండు. గంతే."

ఆమె మళ్ళీ రోడ్డు వైపు తిరిగింది. మరిది మాత్రం ఇదేం మనిషిరా బాబూ అన్నట్టు మొహం పెట్టాడు.

ఊరి చివర శ్మశానం దగ్గరే వ్యాను ఆపారు. జనం చేరారు. పెట్టె తెరవాలా వద్దా అని పెద్దలు తర్జనభర్జన పడ్డారు. యాభై మూడు రోజుల శవం, ఆడమనిషికి చూపించకూడదు అన్నారు. చూడనిదే బొట్టు తీయనని కదా నేను రాయించింది అని బాలామణి అంది. చివరికి, ఆమె చెట్టు కింద కూర్చోవాలి, ముందు తమ్ముడు చూసి చెప్పాలి, అని తేల్చారు.

మూత తీశారు. తమ్ముడు వంగి చూశాడు. వెంటనే తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి వచ్చేశాడు. నాకు తెలవడంలా, నాకు తెలవడంలా అంటూ నేల మీద కూలబడ్డాడు. అయిదేళ్ళయింది అన్నను చూసి. అందరూ గంగనర్సు వైపు తిరిగారు. అక్కడ కలిసి పనిచేసినవాడు, వెంట వచ్చినవాడు, ఇతనికి తెలియక ఎవరికి తెలుస్తుంది?

గంగనర్సు పెట్టె దగ్గరికి వెళ్ళాడు. వంగి చూశాడు.

ఆ మొహాన్ని మూడు వందలసార్లు అద్దినవాడు అతను. కళ్ళు మూసుకుని కోయమన్నా కోస్తాడు. లోపల ఉన్నది మాత్రం అతనికి తెలియని మొహం. నుదురు నల్లబడింది. కనుబొమలు ఏవో, పెదవి ఏదో. చెవులు రెండూ గుడ్డ కింద ఉన్నాయి. చెంచయ్యే అయి ఉండొచ్చు. ఆసుపత్రిలో పెట్టెలు తారుమారై, వేరే ఎవరి మొగుడో అయినా అయి ఉండొచ్చు. బతికుండగా చూడని మనిషిని చచ్చాక ఎట్లా పోల్చుకుంటాడు?

తలెత్తేసరికి బాలామణి లేచి వచ్చేసింది, ఎవరు ఆపినా ఆగలేదు. నాలుగు అడుగుల దూరంలో నిలబడి ఉంది. పెట్టెలోకి చూడడం లేదు. అతని మొహంలోకే చూస్తోంది.

"ఆయనేనా అన్నా?"

తెలియదు అంటే పెట్టె మూసి ఎక్కడో పూడ్చేస్తారు. ఆమె ఆ బొట్టుతో, ఆ గాజులతో, పెళ్ళికీ చావుకీ కాకుండా, రోడ్డు మీద ఆగిన ప్రతి బస్సు వైపూ చూస్తూ బతకాలి. అవును అంటే ఇప్పుడే, ఈ క్షణమే, ఆమె మొగుడు చచ్చిపోతాడు. చంపేది తను. గంగనర్సు అరచేతులు చెమట పట్టాయి. ఇది భయం అని అతనికి అర్థమయ్యేందుకు కాస్త సమయం పట్టింది.

"ఆయనే చెల్లె."

"బాగా చూసినావా?"

"చూసిన. నొసలు ఎడల్పు. ఎడమ కనుబొమ జర మీదికుంటది, మనం అన్నది సమజ్ కానట్టు. కింది పెదవి దొడ్డు. కుడి చెవు బయటికుంటది."

ఒక్కొక్క మాటకూ ఆమె తల ఊపుతూ వచ్చింది. చెవి అన్నాక ఆగిపోయింది. "అవునన్నా," అంది మెల్లగా. "చిన్నప్పుడు పంతులు మెలేసి మెలేసి అట్ట అయిందంట."

ఇద్దరు ముసలమ్మలు ఆమెను పట్టుకోవడానికి ముందుకొచ్చారు. ఆమె వాళ్ళను వారించి, కొంగు తీసుకుని, అందరి ఎదుటా తన చేత్తోనే నుదురు తుడుచుకుంది. ఒకసారి తుడిస్తే పోలేదు. రెండోసారి గట్టిగా రుద్దింది.

గంగనర్సు చెట్టు అవతలికి పోయి వాంతి చేసుకున్నాడు.